ఉమ్మడి కుటుంబం పోయిందా? వయసును బట్టి చూస్తే కనిపించే లెక్క

"ఇప్పుడు ఉమ్మడి కుటుంబాలు ఎక్కడున్నాయి, అందరివీ వేరుకాపురాలే" అనే మాట పెళ్లి పందిళ్లలోనూ, టీవీ చర్చల్లోనూ, వృద్ధాశ్రమాల మీద వచ్చే ప్రతి వార్తలోనూ వినిపిస్తుంది. ఒకప్పుడు మూడు తరాలూ ఒకే చూరు కింద ఉండేవనీ, చదువులూ నగరాలూ వచ్చి అందరినీ విడదీశాయనీ ఆ మాట వెనక ఒక నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. కానీ చాలా చిక్కు కూడా ఉంది. ఆ చిక్కు విప్పకపోతే ఇవాళ నిజంగా ఎవరికి తోడు లేదో, ఎవరికి సాయం కావాలో మనకు కనిపించదు.

రెండు అంకెలు చూడండి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఇంటింటి సర్వేలో 1.12 కోట్ల కుటుంబాల్లో 3.54 కోట్ల మందిని నమోదు చేశారు. అంటే ఇంటికి సగటున ముగ్గురు, కాస్త పైన. ఇది చూస్తే ఇళ్లన్నీ చిన్నవైపోయాయనే అనిపిస్తుంది. మరోవైపు, 2017-18లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా పెద్దలతో చేసిన ‘లాసి’ (వయసు పైబడుతున్నవారి మీద దీర్ఘకాలం సాగే జాతీయ సర్వే) అధ్యయనం ఉంది. అందులో 60 దాటినవాళ్లలో 41 శాతం మంది జీవిత భాగస్వామితోనూ ఎదిగిన పిల్లలతోనూ ఉంటున్నారు. మరో 28 శాతం మంది భాగస్వామి లేకుండా పిల్లల దగ్గర ఉంటున్నారు. దంపతులు ఇద్దరే ఉంటున్నవాళ్లు 20 శాతం, ఒంటరిగా ఉంటున్నవాళ్లు దాదాపు 6 శాతం. అంటే పదిమంది వృద్ధుల్లో ఏడుగురు ఇప్పటికీ పిల్లలతోనే ఉన్నారు. ఒకటి రాష్ట్రం లెక్క, ఇంకొకటి దేశం లెక్క అన్నది నిజమే. కానీ అసలు తేడా అక్కడ లేదు. మొదటిది ఇళ్లను లెక్కపెట్టింది, రెండోది ఒక వయసు మనుషులను లెక్కపెట్టింది. ఆ రెండూ ఒకే సమాధానం ఇవ్వాలని లేదు.

ఒక ఊళ్లో 100 వృద్ధ జంటలు ఉన్నాయనుకుందాం. ప్రతి జంటకూ ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ పెళ్లిళ్లయ్యాయి. ఇద్దరు పెద్దకొడుకులు వేరు పడ్డారు, తల్లిదండ్రులు చిన్నకొడుకు దగ్గర ఉన్నారు. మొత్తం ఇళ్లు 300. వాటిలో ఉమ్మడివి 100, వేరుకాపురాలు 200. ఇళ్ల లెక్క తీస్తే మూడింట రెండొంతులు చిన్న కుటుంబాలే. కానీ పెద్దవాళ్ల వైపు నుంచి చూస్తే ఒక్కరికీ తోడు లేని స్థితి లేదు.

ఇప్పుడు తర్వాతి తరానికి వద్దాం. ఒక్కో జంటకు ఒక్కడే కొడుకు. 70 జంటలు కొడుకు దగ్గర ఉన్నాయి, 30 జంటలు విడిగా ఉన్నాయి. ఇళ్లు 130. ఉమ్మడివి 70, అంటే సగానికి పైనే. ఇళ్ల లెక్క ప్రకారం ఉమ్మడి కుటుంబం బలపడినట్టే! కానీ 30 జంటలకు ఇంట్లో పిల్లల తోడు లేదు. పిల్లల సంఖ్య తగ్గుతున్న సమాజంలో "ఉమ్మడి ఇళ్ల శాతం", "తోడు ఉన్న పెద్దల శాతం" ఇలా ఎదురెదురు దిక్కుల్లో నడవగలవు. మన చర్చలన్నీ మొదటి అంకెను పట్టుకుని రెండోదాని గురించి బాధపడుతుంటాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఊహాలోకం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. కొడుకే లేని జంటలు, ఒక్క కూతురే ఉన్న జంటలు ఇంతకుముందుకంటే చాలా ఎక్కువ.

ఇక "ఒకప్పుడు" సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. పసిపిల్లల మరణాలు ఆ సగటును బాగా కిందికి లాగాయన్నది నిజమే. అయినా మనవళ్ల పెళ్లిళ్లు చూసేదాకా బతికిన తాతలు తక్కువ. మూడు తరాలు కలిసి ఉండటానికి ముందు మూడు తరాలూ బతికి ఉండాలి కదా. ఇవాళ ఆయుర్దాయం 70కి చేరింది. 1950ల మొదట్లో సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. పెళ్లయిన కొన్నేళ్లకే కొడుకులు వేరు పడటం ఆ ఊళ్లో మామూలు విషయమేనని ఆయన గమనించారు. ఐటీ కంపెనీలు లేవు, అపార్ట్‌మెంట్లు లేవు, అయినా వేరు పడ్డారు. భూమి, కులం, ఆస్తి ఎక్కువ ఉన్న ఇళ్లలో ఉమ్మడి ఎక్కువ కాలం నిలిచేది. కూలి మీద బతికే ఇళ్లలో కొడుకు పెళ్లయిన ఏడాదికో రెండేళ్లకో పొయ్యి వేరయ్యేది. మనం గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా ఆస్తిపరుల ఇళ్ల కథ.

ఇల్లంటే ఏది?

జనగణనలో ఒక ఇంటిని గుర్తించడానికి వాడే కొలబద్ద వంటగది. మామూలుగా కలిసి నివసిస్తూ ఒకే వంట తినేవాళ్లంతా ఒక గృహం. పని మీద ఎవరైనా బయట తినాల్సి వచ్చినా ఫర్వాలేదు. రక్త సంబంధం ఉండాలని కూడా లేదు. కాబట్టి కింది పోర్షన్‌లో అమ్మానాన్నలు, పై పోర్షన్‌లో కొడుకూ కోడలూ ఉండి వంటలు వేరైతే, లెక్కలో అవి రెండు ఇళ్లు. పొద్దున పెరుగు కిందినుంచి పైకి వెళ్తుంది, సాయంత్రం మనవడు స్కూలు నుంచి నేరుగా నానమ్మ దగ్గరకే వస్తాడు, కరెంటు బిల్లు కొడుకే కడతాడు. అయినా లెక్కలో ఆ పెద్దవాళ్లు "విడిగా ఉంటున్న వృద్ధ దంపతులు". గోదావరి జిల్లాల్లోనైనా, హైదరాబాద్ శివారు కాలనీల్లోనైనా ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు కనిపిస్తాయి. నా దృష్టిలో ఇది చాలా కుటుంబాలు తెలివిగా కనుక్కున్న మధ్యేమార్గం. అత్తాకోడళ్లకు ఎవరి వంట వాళ్లకుంటుంది. ఒంట్లో బాగోలేనప్పుడు మెట్లెక్కితే సరిపోతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితి కూడా ఉంది. ఒకే ఇల్లు, ఒకే వంట, కానీ పెద్దాయన గదిలోకి రోజంతా ఎవరూ తొంగిచూడరు. లెక్కలో ఆయన పిల్లలతో ఉన్నట్టే. సర్వే అంకెలు ఎవరితో ఉంటున్నారో చెబుతాయి, ఎలా ఉంటున్నారో చెప్పవు.

ఇరవైల్లో, ముప్పైల్లో

ఒకే వయసున్న ఇద్దరి జీవితాలు ఎంత దూరంగా ఉండగలవో ఇరవైల్లో కనిపించినంతగా మరెప్పుడూ కనిపించదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల మహిళలను అడిగితే, 18 నిండకముందే పెళ్లయిందని చెప్పినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అలా పెళ్లయిన అమ్మాయి 24 ఏళ్లకు ఇద్దరు పిల్లల తల్లి అయి ఉండొచ్చు. అత్తారింట్లో కొన్నాళ్లుండి అప్పటికే వేరుకాపురం పెట్టి ఉండొచ్చు. అదే వయసు ఇంకో అమ్మాయి మాదాపూర్‌లో ఏదో లేడీస్ హాస్టల్లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటుంది. మరొకరు గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లోనో, డీఎస్సీ కోసం అవనిగడ్డలోనో, బ్యాంకు పరీక్షలకు నంద్యాలలోనో గది తీసుకుని చదువుతుంటారు. తిండి ఖర్చు ఇంటి నుంచి వస్తుంది, వయసు 28 దాటుతుంది, "ఇంకా సెటిల్ కాలేదా" అనే ప్రశ్న ప్రతి పండక్కీ ఎదురవుతుంది.

జనగణన హాస్టళ్లను సంస్థాగత గృహాల కింద రాసుకుంటుంది. వృద్ధాశ్రమాలూ అదే పట్టికలోకి వస్తాయి. ఇరవైల్లో ఇల్లు విడిచినవాళ్లూ, డెబ్బైల్లో ఇల్లు విడవాల్సి వచ్చినవాళ్లూ ఒకే వరుసలో ఉంటారన్నమాట. పెళ్లికాని యువకులకైతే ఇల్లు అద్దెకు దొరకడమే కష్టం. "ఫ్యామిలీకి మాత్రమే" అని టులెట్ బోర్డు మీదే రాస్తారు. ఒంటరి మహిళకు, విడాకులు తీసుకున్న మహిళకు అదే బోర్డు ఇంకా గట్టిగా అడ్డుపడుతుంది. పెళ్లి చేసుకుంటేనే నగరంలో ఇల్లు దొరికే పరిస్థితి ఉన్నప్పుడు, ఒంటరిగా ఉండటం అనేది ఎవరి ఇష్టమో కష్టమో తేల్చడం అంత సులభం కాదు.

వలస ఈ వయసు వాళ్ల ఇళ్లను ఇంకో రకంగా చీలుస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన భర్త రెండు మూడేళ్లకోసారి వస్తాడు. భార్య అత్తమామల దగ్గరో పుట్టింట్లోనో పిల్లలను పెంచుతుంది. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లేది ఆడవాళ్లే. అక్కడ పిల్లల బాధ్యత అమ్మమ్మ మీద పడుతుంది. పాలమూరు నుంచి కూలికి వలస వెళ్లే ఇళ్లలో ముసలివాళ్లూ బడిపిల్లలూ మిగులుతారు. ఇంటికి తాళం లేకపోయినా నడి వయసు మనిషి ఒక్కరూ ఉండరు. ఈ ఇళ్లను చిన్న కుటుంబం అనాలా, ఉమ్మడి కుటుంబం అనాలా? ఆ రెండు పేర్లలో ఏదీ వీటికి అతకదు.

నలభై ఐదు దాటాక

ఎవరూ పెద్దగా మాట్లాడని వయసు ఇదే, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేదీ ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. చాలామందికి అది పాతిక దాటకముందే అయిపోతుంది. తొందరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ఫలితం ఏమిటంటే, తల్లికి నలభై వచ్చేసరికి పిల్లలు ఇంటర్‌కు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లిపోతారు. అక్కడినుంచి ఇంజినీరింగ్, ఉద్యోగం, పెళ్లి. ఆ పిల్లలు మళ్లీ పండగలకూ సెలవులకూ చుట్టపుచూపుగానే ఇంటికి వస్తారు. ఇంకా ముప్పై, ముప్పై ఐదేళ్లు బతకాల్సిన దంపతులు ఇద్దరే ఇంట్లో మిగులుతారు.

అంటే "పిల్లలు వదిలేసి వెళ్లిపోయారు" అనే మాట ముసలితనంలో మొదలయ్యేది కాదు. నలభైల్లో మనమే, ఎంతో ఇష్టంగా, అప్పు చేసి ఫీజు కట్టి పంపించాం. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ నలభైల్లో ఉన్న ఆడవాళ్లకు చేతిలో ఆదాయం, పని, స్నేహాలు ఏర్పడ్డాయా లేదా అన్నది డెబ్బైల్లో వాళ్ల పరిస్థితిని నిర్ణయిస్తుంది. వృద్ధుల సంక్షేమం గురించి ఆలోచించేవాళ్లు మొదట చూడాల్సింది ఈ నలభై ఐదేళ్ల వాళ్లనే అంటాను.

ఈ వయసులోనే ఇంకో బాధ్యత మీద పడుతుంది. ఒకవైపు పిల్లల ఫీజులు, మరోవైపు తల్లిదండ్రుల మందులు. అన్నదమ్ములుంటే వంతులు మొదలవుతాయి: ఆరు నెలలు పెద్దోడి దగ్గర, ఆరు నెలలు చిన్నోడి దగ్గర. కొన్ని ఇళ్లలో తండ్రి ఒక కొడుకు దగ్గర, తల్లి ఇంకో కొడుకు దగ్గర. కోడళ్లకు పని పంచడానికో, ఖర్చు సమానం చేయడానికో చేసే ఏర్పాటు అది. యాభై ఏళ్లు కలిసి కాపురం చేసిన ఇద్దరిని, ఒకరికొకరు అత్యవసరమైన వయసులో, పంపకాల్లో వాటాల్లా విడదీయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. సర్వేలో మాత్రం ఇద్దరూ "పిల్లలతో ఉంటున్నవారు" గడిలోకే వెళ్తారు.

కూతుళ్ల సంగతి మారుతోంది. ఇల్లరికం మనకు కొత్తేమీ కాదు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లటపుటల్లుడి ఆచారాన్ని బ్రిటిషు కాలం కోర్టులు కూడా గుర్తించాయి. కానీ అది ఆస్తి నిలబెట్టడానికి. ఇప్పుడు ఒక్క కూతురే ఉన్న తల్లిదండ్రులు ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌కు దగ్గరలో ఇల్లు తీసుకోవడం, మనవడు పుట్టాక అక్కడే ఉండిపోవడం చూస్తున్నాం. "కూతురింట్లో నీళ్లు కూడా తాగకూడదు" అన్న తరం వెళ్లిపోతోంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు జన్మతః హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1985-86లోనే చట్టం తెచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు మాత్రమే. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ పెళ్లయినవాళ్లనూ కలిపింది. హక్కు వచ్చి ఇన్నేళ్లయినా చాలా ఇళ్లలో కూతురు "నాకేం వద్దులే" అని సంతకం పెట్టి, తర్వాత అమ్మను చూసుకునే బాధ్యత తీసుకుంటోంది. ఇది న్యాయం కాదు.

భర్త పోయాక

2011 జనగణనలో 60 దాటిన పురుషుల్లో 82 శాతం మందికి భార్య ఉంది. అదే వయసు మహిళల్లో భర్త ఉన్నవాళ్లు సగం మందే. భర్త వయసులో పెద్దవాడు కావడం, మగవాళ్ల ఆయుర్దాయం తక్కువ కావడం, భార్య పోయిన మగవాడు మళ్లీ పెళ్లి చేసుకోగలగడం, ఈ మూడూ కలిస్తే వచ్చే ఫలితం ఇది. కాబట్టి మగవాళ్లలో ఎక్కువమంది చివరిదాకా భార్య సేవ అందుకుంటారు. ఆడవాళ్లు అదే సేవ చేసి, తమ వంతు వచ్చేసరికి పిల్లల మీద ఆధారపడతారు. "వృద్ధుల సమస్య" అని ఒకే మాటగా మాట్లాడితే ఈ తేడా మాయమవుతుంది.

ఇక్కడే పింఛను, రేషన్ కార్డు ఇంటి ఆకారాన్ని మార్చడం మొదలుపెడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులైలో 4,000 అయింది. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. ఊళ్లో ఒంటరిగా ఉండే అవ్వకు ఈ డబ్బు కొడుకు దగ్గరకు వెళ్లి చేయి చాచకుండా సొంత గుమ్మంలో బతికే ధైర్యం ఇచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. ఒంటరిగా ఉండే ప్రతి వృద్ధురాలూ దిక్కులేనిదని అనుకోవడం తప్పు. కొందరు కావాలనే తమ ఊళ్లో, తమ ఇంట్లో, తమకు తెలిసిన మనుషుల మధ్య ఉంటున్నారు.

కానీ ఇంటికి ఒకే వృద్ధాప్య పింఛను అనే నిబంధన ఉంది. పథకాల అర్హత కూడా ఇంటిని బట్టే చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఆరంచెల పరిశీలనలో ఇంట్లో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం ఉన్నా, కారు ఉన్నా, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటినా ఆ ఇంట్లో అందరికీ పథకాలు ఆగిపోయేవి. కొడుక్కి ఉద్యోగం వస్తే తల్లి పింఛను పోతుంది. మరి కుటుంబం ఏం చేస్తుంది? ఊళ్లోని సచివాలయానికి వెళ్లి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరెవరు ఒకే ఇంటివాళ్లో చూపే ప్రభుత్వ జాబితాలో, పేర్లు విడగొట్టమని తిరుగుతుంది. కలిసి తినే మనుషులు కాగితం మీద వేరవుతారు.

2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో చేసిన సమగ్ర కుటుంబ సర్వే దీనికి మంచి ఉదాహరణ. ముంబై, భివండీల నుంచి కూడా జనం బస్సులెక్కి సొంతూళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్నారు. 2011 జనగణనలో సుమారు 83 లక్షలున్న గృహాలు ఆ సర్వేలో కోటి దాటాయి. మూడేళ్లలో జనాభా ఆ స్థాయిలో పెరగలేదు, లక్షల పొయ్యిలు ఒక్కసారిగా వేరు పడనూ లేదు. పథకాలన్నీ కార్డును బట్టే వస్తాయని తెలిసిన జనం పెళ్లయిన ప్రతి కొడుకునూ వేరే కుటుంబంగా రాయించుకోవడమే దీనికి పెద్ద కారణమని నా అభిప్రాయం. వాళ్లను తప్పుపట్టలేం. పింఛను మనిషికి ఇస్తే ఈ అవస్థ ఉండదు.

ఆస్తి రాసిచ్చేముందు

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కొడుకులతో పాటు కూతుళ్లకూ, మేజర్లయిన మనవలకూ బాధ్యత ఉంది. భరణం గరిష్ఠంగా నెలకు 10,000. ఇదే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చు. 2022లో సుప్రీంకోర్టు ఆ షరతు ఉన్నట్టు నిరూపించాల్సిందేనంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. కాబట్టి గిఫ్ట్ డీడ్ గానీ సెటిల్‌మెంట్ దస్తావేజు గానీ రాసే పెద్దలు "జీవితాంతం పోషించాలి" అనే వాక్యాన్ని అందులో తప్పక రాయించాలి. నోటిమాట మీద వదిలేయకండి.

మరో పక్క కోడలి హక్కు కూడా ఉంది. అత్తమామల పేరు మీదున్న ఇల్లయినా, ఆమె కాపురం చేసిన ఇల్లయితే గృహహింస చట్టం కింద అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వృద్ధుల చట్టాన్ని అడ్డుపెట్టుకుని ఆమెను హడావిడిగా బయటికి పంపలేరని కూడా అదే ఏడాది మరో తీర్పులో స్పష్టం చేసింది. ఒకే ఇంట్లో ఇద్దరు బలహీనులు ఎదురెదురుగా నిలబడే సందర్భం ఇది.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు చట్టాలకన్నా వీసా ముఖ్యం. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఒక్కోసారి ఆరు నెలల వరకే ఉండనిస్తారు. పిల్లలకు గ్రీన్‌కార్డు ఉన్నా తల్లిదండ్రులను శాశ్వతంగా రప్పించుకోలేరు, పౌరసత్వం రావాలి. భారతీయులకు ఉద్యోగ కోటాలో గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడవో తెలిసిందే. కొడుకు పౌరుడయ్యేసరికి తల్లికి విమానం ఎక్కే ఓపిక ఉండకపోవచ్చు. పురుడు పోయడానికి ఒకసారి, రెండో పురుడికి ఇంకోసారి వెళ్లొచ్చి, మిగతా కాలం వీడియో కాల్లో మనవడిని చూసుకునే దంపతులు కోస్తా ఊళ్ల నుంచి కరీంనగర్ దాకా ఉన్నారు. డబ్బుకు కొరత లేదు, ఆస్పత్రిలో పక్కన కూర్చునే మనిషికి కొరత.

ఇప్పుడు చేపట్టిన జనగణనలో జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. దానికి ముందు దశ అయిన ఇళ్ల నమోదులో ఒక ఇంట్లో ఎన్ని వివాహిత జంటలు ఉన్నాయనే ప్రశ్న ఉంది. అంకెలు బయటికొచ్చాక పత్రికలన్నీ సగటు కుటుంబ పరిమాణాన్నే శీర్షికల్లో పెడతాయి. దాన్ని చూసి ఆగిపోకండి. 60 దాటిన మహిళల్లో ఎందరు ఒంటరిగా ఉన్నారు, వాళ్లలో ఎందరి పక్క వీధిలో కొడుకో కూతురో ఉన్నారు అన్నది అసలు అడగాల్సిన ప్రశ్న. మొదటి దానికి పట్టికల్లో జవాబు దొరుకుతుంది. రెండోది జనగణన అడగదు, దానికి జిల్లాల స్థాయిలో విడిగా సర్వేలు కావాలి. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందీ, ఆశా కార్యకర్తలూ ఇప్పటికే ప్రతి ఇంటి తలుపూ తడుతున్నారు కాబట్టి ఆ పని మొదలుపెట్టడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు.